బంగాళాదుంపల గదిలో కంప్యూటర్

ఆ రోజు ఉదయం ప్లానమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు మిగిలిన ఒక్క బొమ్మా పూర్తిచేయడం, తల దువ్వుకోవడం, సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ ముందు కూర్చుని పళ్ళ డాక్టరమ్మతో మాట్లాడటం. అంతే. ఇందులో ఎక్కడా భర్త సహాయం అనే అంశం లేదు. ఆమె చేసిన పొరపాటల్లా ఆ సంగతి భర్తకు ముందే చెప్పి ఉంచకపోవడం.

ప్లానమ్మ అనేది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. ఇళ్ళకూ దుకాణాలకూ ప్లాన్లు గీయడం ఆమె వృత్తి. చాలా ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో గీసింది. గీసేది ఆమె, కింద సంతకం పెట్టేది యజమాని. "నీ గీత బాగుంటుంది, నా పేరు బాగుంటుంది, రెండూ కలిస్తే మనకు తిరుగేముందమ్మా" అనేవాడాయన. ఒకరోజు ఆమెకు ఒళ్ళు మండి ఉద్యోగం మానేసింది. హాల్లో ఒక మూల బల్ల వేసుకుని సొంతంగా మొదలుపెట్టింది. ఇప్పటిదాకా వచ్చిన పనులు ఒక ప్రహరీ గోడ, ఒక మెట్ల వరస. తన పేరుతో రాబోయే మొదటి అసలైన పని ఈ పళ్ళ ఆసుపత్రి. అది దొరికితే గుమ్మానికి తన పేరుతో బోర్డు. దొరక్కపోతే సోమవారం నుంచి మళ్ళీ పాత ఆఫీసే. "నీ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదులే" అని యజమాని ఫోన్ చేసి మరీ దయగా చెప్పాడు. ఆ దయ తలుచుకుంటే ఆమెకు అన్నం సయించడం లేదు.

ఇక ఆమె భర్త. ఆయన్ని అందరూ డిగ్రీగారు అంటారు. చదువును బట్టి కాదు. ఊరి చివరనున్న కోల్డ్ స్టోరేజీకి ఆయన మేనేజరు, ఆయనకున్న డిగ్రీలన్నీ థర్మామీటరులోనివే. కాఫీ ఒక గుక్క తాగి "అరవై రెండు" అంటారు. స్నానం నీళ్ళలో వేలు పెట్టి "రెండు తగ్గింది" అంటారు. ప్రపంచంలోని ప్రతి సమస్యా వేడి వల్లే పుడుతుందనీ, చల్లబరిస్తే అదే పోతుందనీ ఆయన నమ్మకం. పెళ్ళయిన కొత్తలో భార్య అలిగితే కిటికీలు తెరిచిన మనిషి.

ఉదయం ఫలహారాలయ్యాయి. డిగ్రీగారు బూట్లు తొడుక్కుంటున్నారు. హాల్లో మూలనున్న కంప్యూటర్ తెర ఉన్నట్టుండి నల్లబడింది. ప్లానమ్మ మళ్ళీ ఆన్ చేసింది. కాసేపు నడిచి మళ్ళీ నల్లబడింది. "అయ్యో రాత!" అంది ప్లానమ్మ తనలో తనే. తనలో తను అనుకునే మాటలు భర్తలకు వినపడవని లోకంలో ఒక నమ్మకం ఉంది. అది అన్నివేళలా నిజం కాదు.

"ఏమైంది?" అన్నారు డిగ్రీగారు గుమ్మంలోంచి.

"ఏం లేదు. మీరు వెళ్ళండి, టైమవుతోంది."

"ఎంతసేపు నడిచి ఆగింది?"

"నేను చూసుకుంటాగా, వెళ్ళండి."

"ముట్టుకుని చూశావా?"

ప్లానమ్మ ముట్టుకుంది. "కాస్త వెచ్చగానే ఉంది," అంది.

వెచ్చగా అన్న మాట చెవిన పడగానే డిగ్రీగారు బూట్లు విప్పేశారు.

ఆయన బూట్లు విప్పేలోపు ప్లానమ్మ రిపేరు షాపుకు ఫోన్ చేసింది. షాపతను తాపీగా విన్నాడు. "లోపల ఫ్యాన్‌కి దుమ్ము పట్టుంటుంది మేడం. మూత విప్పి బ్రష్షుతో దులపండి, సరిపోతుంది" అన్నాడు. ప్లానమ్మ ప్రాణం కుదుటపడింది. డిగ్రీగారు మాత్రం నవ్వారు. వైద్యం తెలిసినవాడు నాటు మందు పేరు విన్నప్పుడు నవ్వే నవ్వు అది.

"చూడకుండా, కొలవకుండా దులిపేయడమేనా? ముందు వేడి ఎంతుందో తెలియాలి. తెలిశాక దులుపుదాం."

ఆయన సంచీలో ఎప్పుడూ ఒక సూది థర్మామీటరు ఉంటుంది. జానెడు పొడవు ఇనుప సూది, పైన చిన్న గుండ్రటి డయలు. బంగాళాదుంపలోకి దింపితే లోపల ఎంత చల్లగా ఉందో చెబుతుంది. దుంపలు నోరు లేనివి గనక ఆ పరికరం మీద ఇంతవరకు ఫిర్యాదులు రాలేదు. డిగ్రీగారు కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి, దాని వెనక్కి వెళ్ళి, జల్లెడలా ఉన్న చోట అనువైన కన్నం ఒకటి ఎంచుకుని, దుంపలోకి దింపినంత నమ్మకంగా సూది దింపారు.

లోపల టకటకటకమని ఏదో కొట్టుకుంది. తర్వాత ఫట్‌మని ఒక పెద్ద చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"డెబ్బై ఒకటి!" అన్నారు డిగ్రీగారు తృప్తిగా. "నే చెప్పలా?"

"ఆ చప్పుడేమిటండీ?"

"ఏ చప్పుడు?"

మూత విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కలు విరిగి పెట్టె అడుగున పడి ఉన్నాయి. దుమ్ము మాత్రం ఎక్కడిదక్కడే చెక్కుచెదరకుండా ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నవాళ్ళను చూశాం. సూదితో అంత పని చేసినవారు డిగ్రీగారొక్కరే.

ప్లానమ్మ మళ్ళీ షాపుకు ఫోన్ కలిపి భర్త చేతికిచ్చింది.

"రెక్కలు విరిగాయా? ఎలా విరిగాయి సార్?" అన్నాడు షాపతను.

"వాటంతటవే," అన్నారు డిగ్రీగారు.

"వాటంతటవి విరగవే... సరే, అది పాత మోడల్ సార్. కొత్త ఫ్యాన్ సోమవారానికి గానీ రాదు. అంతవరకు వేడెక్కకుండా చూసుకుంటే నడుస్తుందిలెండి."

ఆ చివరి మాట అతను అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. "వేడెక్కకుండా చూసుకోవాలి, అంతేగా?" అన్నారు డిగ్రీగారు. కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళుగా ఆయన టన్నుల కొద్దీ సరుకును వేడెక్కకుండా చూసుకుంటున్నారు. ఈ జానా బెత్తెడు పెట్టె ఒక లెక్కా? వెంటనే కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి, ఇంట్లో ప్రమాదం జరిగిందనీ, రాలేననీ చెప్పారు. ప్రమాదం ఎవరి వల్ల జరిగిందో అవతలివాళ్ళు అడగలేదు.

ఇంకో కంప్యూటర్ ఎక్కడైనా అరువు తెచ్చుకుందామా అంటే, ఆ ప్లాన్లు తెరుచుకునే సాఫ్ట్‌వేర్ ఈ ఒక్కదాంట్లోనే ఉంది. ప్లానమ్మకు వేరే దారి లేదు. "ఏం చేసినా దాని ఒంటిమీద ఇంకేమీ గుచ్చకండి" అని మాత్రం మాట తీసుకుంది.

మొదటి వైద్యం టేబుల్ ఫ్యాన్. విప్పిన పెట్టెకు ఎదురుగా పెట్టి పూర్తి వేగంలో తిప్పారు. కొన్నేళ్ళుగా లోపల కాపురముంటున్న దుమ్మంతా ఒక్కసారిగా లేచి హాలంతా పరుచుకుంది. బల్లమీది కాగితాలు ఎగిరి సోఫా కిందికి పోయాయి. లోపలి గదిలోంచి తుమ్ముకుంటూ పెద్దావిడ వచ్చింది. ఆవిడ డిగ్రీగారి తల్లి.

"ఏమిట్రా ఈ గాలిదుమారం?"

"కంప్యూటర్ వేడెక్కిందమ్మా."

"ఒళ్ళు కాలిపోతోందా?"

"డెబ్బై ఒకటి."

"అమ్మ బాబోయ్!" అని పెద్దావిడ లోపలికి పరిగెత్తినంత పని చేసింది. క్షణంలో తడిగుడ్డ పిండుకుని వచ్చి తెర నెత్తిన పరిచింది. నీళ్ళు బొట్టు బొట్టుగా ప్లానమ్మ గీస్తున్న బొమ్మ మీదుగా జారాయి.

"అమ్మా, అది తెరమ్మా! జ్వరం తెరకి కాదు, కింద పెట్టెకి!"

"ముఖం అదేగా? జ్వరమొస్తే నుదుటిమీద వేస్తారు గానీ కాళ్ళమీద వేస్తారటరా ఎవరైనా?"

డిగ్రీగారు గుడ్డ తీసేలోపు తెర దానంతటదే నల్లబడింది. పెద్దావిడ గర్వంగా చూసింది. "చూశావా, హాయిగా నిద్రపోయింది," అంది.

అప్పుడు డిగ్రీగారికి రెండో వైద్యం తట్టింది. కంప్యూటర్ను వంటింట్లోకి మోసుకెళ్ళి, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఎదురుగా ఒక స్టూలు వేసి దానిమీద పెట్టె పెట్టారు. పొయ్యి గట్టు మీద తెర, కూరగాయల బుట్ట మీద కీబోర్డు. ప్లానమ్మ పీట వేసుకుని ఆ మధ్యలో కూర్చుంది. నిజం చెప్పొద్దూ, ఈ ఏర్పాటు పనిచేసింది. పెట్టె చల్లగా, బుద్ధిగా నడిచింది. ప్లానమ్మ గబగబా గీస్తోంది. ఆసుపత్రి ముందు గది అది. కుర్చీలు వేసింది, కిటికీలు పెట్టింది, గోడకు రంగు వేసింది.

"సేవ్ చేశావా?"

"చేశాను."

"ఇంకోసారి చెయ్యి."

"మీరు కాస్త అవతల నిలబడితే చేస్తాను."

కొంతసేపయ్యాక పెద్దావిడ పమిటతో విసురుకోవడం మొదలుపెట్టింది. "ఒరేయ్, ఫ్రిజ్ తెరిచిపెడితే వంటిల్లు చల్లబడాలి కదా? నాకు ముచ్చెమటలు పోస్తున్నాయేమిట్రా?"

"అది సైన్సమ్మా. ఫ్రిజ్ ముందు నుంచి ఎంత చల్లదనం ఇస్తుందో, వెనక నుంచి అంతకన్నా ఎక్కువ వేడి వదులుతుంది. తలుపు తెరిచి ఉంచితే గది వేడెక్కుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమే అది."

"అంటే తెలిసే తెరిచావా?"

డిగ్రీగారు జవాబుకు బదులుగా ఇంకో టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఫ్రిజ్ వెనక పెట్టారు. ఫ్రిజ్ ఆయాసపడుతోంది. రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్లానమ్మ చివరి గీత గీసి సేవ్ నొక్కింది. ఆ నొక్కిన వేలు ఇంకా ఎత్తనే లేదు, ఫ్రిజ్ ఒక మూలుగు మూలిగింది, గోడమీది మీటరు పెట్టెలోంచి చిటపటమని పొగ వచ్చింది. ఇల్లంతా కరెంటు పోయింది.

ఎలక్ట్రీషియన్ సాయంత్రం దాటాక గానీ రానన్నాడు. ప్లానమ్మ పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసి, రేపు మాట్లాడవచ్చా అని అడిగింది. "కుదరదండీ. ఇవాళ ముగ్గురితో మాట్లాడి సాయంత్రానికే తేల్చేస్తారట. మీరు మూడోవారు," అంది అక్కడి అమ్మాయి. ప్లానమ్మ ఫోన్ పెట్టేసి పీటమీద కూలబడింది. బొమ్మ పూర్తయింది, చూపించే దారి లేదు. పాత ఆఫీసులో తన సీటు, దాని ఎదురుగా యజమాని నవ్వు కళ్ళముందు కదిలాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

భార్య కళ్ళలో నీళ్ళు చూసేసరికి డిగ్రీగారి మనసు నిజంగానే చివుక్కుమంది. ఆయన చెడ్డవారు కాదు. సాయం చేయాలనుకోవడమే ఆయనకున్న జబ్బు.

"ఏడవకు. కరెంటు పోని చోటు ఒకటుంది," అన్నారు మెల్లగా. "జనరేటరుంది. చల్లగా కూడా ఉంటుంది."

ప్లానమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక "వద్దు" అంది.

"పూర్తిగా విను. పెట్టెని ఓ అరగంట దుంపల గదిలో ఉంచుతాను. బాగా చల్లబడుతుంది. తీసి నా ఆఫీసు గదిలో పెడతాను. నీ మాటలయ్యేదాకా ఆ చల్లదనం సరిపోతుంది. నువ్వు నా కుర్చీలో కూర్చుని దర్జాగా మాట్లాడుకో."

ఆపదలో ఉన్నవాళ్ళకు ఏ మాటైనా సబబుగానే వినిపిస్తుంది. ట్యాక్సీ పిలిచారు. కరెంటు లేని ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనని పెద్దావిడ కూడా ఎక్కింది. కుదుపులకు దెబ్బతగలకుండా పెట్టెను శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. వేడి పనికిరాని వస్తువును శాలువాలో చుట్టకూడదని చెప్పడానికి డిగ్రీగారు నోరు తెరిచారు గానీ, భార్య చూపు చూసి మూసుకున్నారు.

"బాబా, పాపా?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ.

"ఒంట్లో బాగాలేదు నాయనా, కాస్త మెల్లగా పోనీ," అంది పెద్దావిడ.

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర గుమాస్తా అడ్డుపడ్డాడు. అతని తల వెనక గోడమీద నియమాల బోర్డు ఉంది. అది రాయించింది డిగ్రీగారే.

"సార్, ఇంటి సామాన్లు లోపలికి పోకూడదు."

"నేను మేనేజర్నయ్యా!"

"'మేనేజరైనా సరే' అని కూడా మీరే రాయించారు సార్. నాలుగో లైను." గుమాస్తా గొంతులో భక్తి తప్ప ఏమీ లేదు. "సరుకైతే పంపుతాను."

డిగ్రీగారు అటూ ఇటూ చూశారు. "సరే, సరుకే అనుకో," అన్నారు. గుమాస్తా పెట్టెను కాటాలో పెట్టి తూచాడు. బంగాళాదుంపలు, ఒక బస్తా అని చీటీ రాసి దానికి కట్టాడు. వెనక వేలాడుతున్న వైర్లను కాసేపు పరిశీలించాడు.

"మొలకలొచ్చాయి సార్."

"తెలుసు. లోపలికి పంపు."

అరగంట గడిచింది. ప్లానమ్మ ఈలోపు భర్త ఆఫీసు గదిలో తల దువ్వుకుంది. తెర, కెమెరా, ఫోన్ అన్నీ బల్లమీద సర్దుకుంది. గదిలో ఎండ పడుతోంది, హాయిగా, వెచ్చగా ఉంది. ఇంకాసేపట్లో నాలుగవుతుంది. ఉదయం నుంచి మొదటిసారి ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. దుంపల గది తలుపు దగ్గరికి భర్త వెంట తనూ నడిచింది.

డిగ్రీగారు తలుపు పిడిమీద చెయ్యి వేశారు. పిడిమీద చెయ్యి పడితే చాలు, కొత్త పనివాళ్ళకు చెప్పే పాఠం ఆయన నోట్లోంచి దానంతటదే వస్తుంది.

"చూడు, చల్లబడిన సరుకుని ఒక్కసారిగా వేడి గాలిలోకి తీయకూడదు. తీశామో, ఒళ్ళంతా చెమ్మ పట్టేస్తుంది. లోపలా బయటా నీళ్ళు కారతాయి. అందుకని ఒక రోజంతా మధ్య గదిలో ఉంచి, నెమ్మదిగా... నెమ్మదిగా..."

ఆయన గొంతు నెమ్మదిగా ఆగిపోయింది.

"లోపలా నీళ్ళు కారతాయా?" అంది ప్లానమ్మ.

"దుంపకైతే కారతాయి."

"కంప్యూటర్‌కి?"

డిగ్రీగారు పిడిమీంచి చెయ్యి తీసేశారు. "ప్లగ్గు పెట్టగానే మాడిపోతుంది," అన్నారు చాలా చిన్న గొంతుతో.

"అంటే అదిప్పుడు బయటికి రాదా?"

"ఎందుకు రాదు? వస్తుంది. రేపు."

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ప్లానమ్మ గోడకు ఆనుకుంది. డిగ్రీగారు గొంతు సవరించుకున్నారు. "అది బయటికి రాలేదు గానీ," అన్నారు, "నువ్వు లోపలికి వెళ్ళొచ్చు. మనిషికి చెమ్మ పడితే తుడుచుకోవచ్చు."

పెనంమీంచి పొయ్యిలో పడ్డవాళ్ళకు కనీసం వెచ్చగానైనా ఉంటుంది. దుంపల గదిలో మూడు డిగ్రీలు. బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. మరమ్మతుల కోసం గోడకు పెట్టిన ప్లగ్గు పక్కనే రెండు బస్తాల మీద తెర పెట్టారు. బస్తాలు మోసే మనిషి కోటు ఒకటి తెచ్చి ప్లానమ్మకు తొడిగారు. అందులో ఆమెలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. చేతులు మోకాళ్ళదాకా వచ్చాయి, మౌసు పట్టుకోవడానికి వేలు దొరకలేదు. చివరికి కుడిచెయ్యి కోటులోంచి బయటికి లాగేసుకుంది. కంప్యూటర్ మాత్రం ఆన్ చేయగానే లేచి కూర్చుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా హుషారుగా ఉంది.

ఇంకో రెండు చిక్కులు మిగిలాయి. తలుపు మూస్తే ఆ మందపాటి గోడల్లోంచి, కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇచ్చే ఫోన్ సిగ్నల్ రాదు. తలుపు తెరిచి ఉంచితే, చల్లదనం పోతోందని కాసేపటికి సైరన్ మోగుతుంది. అది పెట్టించిందీ డిగ్రీగారే. అందుకని పెద్దావిడను తలుపు దగ్గర నిలబెట్టి, తను బయట సిగ్నల్ అందే చోట ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. నేను తెరవమంటే తెరువు, మూయమంటే ముయ్యి అని తల్లికి చెప్పారు.

నాలుగయింది. తెరమీద పళ్ళ డాక్టరమ్మ ప్రత్యక్షమైంది. తెల్ల కోటు, చక్కని పలువరస.

"నమస్కారమండీ," అంది డాక్టరమ్మ.

"న... న... నమ... నమ..." అంది ప్లానమ్మ. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. ఇన్నేళ్ళ అనుభవంలో ఆమె వేల పళ్ళు చూసి ఉంటుంది. ఇంత వేగంగా పనిచేసేవి చూసినట్టు లేదు. సరిగ్గా అప్పుడే గదిలో లైటు ఆరిపోయింది. వెలుతురు ఎక్కువసేపు తగిలితే దుంపలు పచ్చబడతాయని, లైటు దానంతటదే ఆరిపోయే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఎవరు చేయించారో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు డాక్టరమ్మకు కనిపిస్తున్నవి చీకట్లో నీలంగా ఒక ముఖం, రెండు పెద్ద కళ్ళు, ఆడుతున్న పళ్ళు.

"మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"బా... బాగానే. ఇ... ఇదీ ప్లాను." ప్లానమ్మ బొమ్మ చూపించింది. మౌసు బాణం ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలై, ముందు గదంతా వణుకుతూ తిరిగి, గోడ దూకి వీధిలోకి పోయింది. "ఇక్కడ కూ... కూర్చున్నవాళ్ళకి లోపలి కు... కుర్చీ కనపడదు. మి... మిషన్ చప్పుడు వి... వినపడదు. మధ్యలో అ... అద్దం పెట్టలేదు. ఎ... ఎదురుగా చెట్టు కనపడుతుంది."

అంతలో సైరన్ మోగింది. "ముయ్యి!" అని బయటినుంచి కేక వినిపించింది. చలికి మొద్దుబారి, చెప్పినదల్లా చేసే స్థితిలో ఉన్న ప్లానమ్మ ఠక్కున నోరు మూసింది. సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. కాసేపటికి "తెరువు!" అని మళ్ళీ కేక. ప్లానమ్మ నోరు తెరిచింది. తెర కదిలింది.

"ఇంకొంచెం," అంది డాక్టరమ్మ అలవాటు కొద్దీ. వెంటనే తేరుకుని, "క్షమించాలి. ఆ కేకలెవరివి?" అని అడిగింది.

"మా... మావాళ్ళే."

"ధైర్యం చెప్పడానికి ఇంటిల్లిపాదీ వచ్చారన్నమాట." డాక్టరమ్మ ముఖం మెత్తబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూడండి, మీరు దాచుకోనక్కర్లేదు. నేను తెరమీద కనపడగానే మీ పళ్ళు కొట్టుకోవడం చూశాను. మీకు పళ్ళ డాక్టరంటే భయం. అవునా?"

"అ... అబ్బే, భయం కాదండీ! చ... చ... చలి!"

"అందరూ అదే అంటారు," అంది డాక్టరమ్మ జాలిగా. "నా దగ్గర కూర్చున్న ప్రతి మనిషీ 'భయం కాదు డాక్టర్, ఏసీ ఎక్కువైంది' అనే అంటాడు."

ప్లానమ్మ అబద్ధంతో పని సంపాదించే మనిషి కాదు. నిజం నిరూపించాలని పక్కనున్న బస్తాలో చెయ్యి పెట్టి ఒక బంగాళాదుంప తీసి కెమెరాకు చూపించింది. "ఇ... ఇదిగో! నేను దుం... దుంపల గదిలో ఉన్నాను! నిజంగా చ... చలే!"

"పాపం, చేతిలో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది," అంది డాక్టరమ్మ. "మావాళ్ళు కుర్చీ చెయ్యి పట్టుకుంటారు. మీరు దుంప. పట్టుకోండి, పర్వాలేదు."

ప్లానమ్మ ఓడిపోయి దుంప ఒళ్ళో పెట్టుకుంది. పని పోయినట్టేననుకుంది. సోమవారం కట్టుకోవాల్సిన చీర ఏదా అని కూడా ఆలోచించింది. కానీ డాక్టరమ్మ మాట్లాడుతూనే ఉంది.

"మీకన్నా ముందు ఇద్దరితో మాట్లాడానండీ. మొదటాయన సోఫాలో వెనక్కి వాలి, భయమంతా మనసులోనే ఉంటుందండీ అని నాకే చెప్పాడు. రెండో ఆవిడ అద్దాల గోడలు పెడదామంది. లోపల ఎవరికి పన్ను పీకుతున్నారో బయటివాళ్ళకి చక్కగా కనపడాలట! మీరొక్కరే కుర్చీ కనపడకుండా, చప్పుడు వినపడకుండా గీశారు. ఎలా తట్టిందా అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. వణికే మనిషి బాధ వణికే మనిషికే తెలుస్తుంది. ఒక్కటి అడుగుతాను. ఇది గీసింది మీరేనా? కింద మీ పేరే ఉంటుందా, ఇంకెవరిదైనానా?"

"నా... నా... నాదే," అంది ప్లానమ్మ. ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. అందులో వణుకు వల్ల ఆలస్యమైంది కొంచెమే.

"అయితే పని మీదే. సోమవారం నుంచి మొదలుపెట్టండి."

ప్లానమ్మకు ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. ఇది సంతోషం వల్ల వచ్చిన ఏడుపు. ఉదయం నుంచి పడ్డ పాట్లన్నీ కొట్టుకుపోయాయి. కన్నీళ్ళు బుగ్గలమీద వెచ్చగా దిగాయి. ఆ గదిలో వెచ్చగా ఉన్నవి అవే. గుమ్మంలో పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తలుపు వదిలేయడంతో సైరన్ మోగింది. ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

డిగ్రీగారు ఫోన్ పట్టుకునే లోపలికి తొంగిచూశారు. ఆయన ఛాతీ ఉబ్బింది. సూది సంగతి, ఫ్రిజ్ సంగతి, ఫ్యూజు సంగతి ఆయన మనసులోంచి అప్పటికే చెరిగిపోయాయి. తను లేకపోతే ఈ చలీ లేదు, ఈ పనీ లేదు అన్న ఒక్క లెక్కే మిగిలింది.

"అన్నట్టు, చిన్న సాయం," అంది డాక్టరమ్మ ఫైలు మూస్తూ. "మా ఆసుపత్రిలో ఏసీ మరీ ఎక్కువా కాకూడదు, మరీ తక్కువా కాకూడదు. ఈ చల్లదనం వ్యవహారాలు బాగా తెలిసిన మనిషి ఎవరైనా మీ ఎరుకలో ఉన్నారా? ఉంటే పని వాళ్ళకే ఇద్దాం."

డిగ్రీగారు చొక్కా సర్దుకున్నారు. వేళ్ళతోనే జుట్టు దువ్వుకున్నారు. కెమెరాలో కనపడటానికి వీలుగా దుంప బస్తాల మధ్యకు ఒక అడుగు వేసి, నవ్వుముఖం పెట్టి నిలబడ్డారు. ప్లానమ్మ తల తిప్పి భర్త వైపు ఒకసారి నిదానంగా చూసింది. మళ్ళీ తెరవైపు తిరిగింది.

"లేరండీ," అంది.

ఆ గదిలో ఉన్నంతసేపట్లో ఆమె పన్ను పన్నుకు తగలకుండా పలికిన మాట అదొక్కటే.